కొండ దాటే బండి

"నన్నొక్క మాట అడిగుంటే నీ సొమ్మేం పోయేదయ్యా?" అంది మారెన్.

శనివారం నుంచి ఆమె ఈ ప్రశ్న అడగడం ఇది అయిదోసారి. ఐలిఫ్ తల ఎత్తలేదు. రొట్టె ముక్క మీద గోధుమరంగు మేక చీజు పలచగా కోసి పరుచుకుంటున్నాడు. అంచుల దాకా పరుచుకోవడం అయ్యాకే నోరు విప్పాడు.

"బండి బాగానే ఉంది కదా."

"బాగుందా లేదా అని కాదు నేనడిగింది. పద్నాలుగేళ్ళు నేను నడిపిన బండి. దాంట్లో తనిఖీకని వెళ్ళినవాడివి, ఆ తెల్ల డబ్బా వేసుకుని తిరిగొచ్చావు. మధ్యలో ఒక్క ఫోను చెయ్యడానికి చేతులు రాలేదా?"

"తనిఖీలో తప్పింది. అడుగు చట్రమంతా తుప్పు. బ్రేకు గొట్టాలు పోయాయి. నలభై వేల క్రోన్లు పెడితే గానీ రోడ్డెక్కనివ్వమన్నారు."

"దీనికి తొంభై పోశావు!"

"లీటరు డీజిలు ఇరవై ఒకటి. కొట్టం గోడకి ప్లగ్గు పెడితే రాత్రంతా కలిపి పదిహేను క్రోన్ల కరెంటు. నూనె మార్చే పని లేదు."

"గోడకి ఆ పెట్టె బిగించినవాడు ఊరికే బిగించాడా?"

ఐలిఫ్ కాఫీ తాగాడు. "పద్దెనిమిది వేలు," అన్నాడు కప్పులోకి.

"అదిగో! ఆ ముక్క మాత్రం లెక్కలోకి రాదు. సరే, ఎంత దూరం పోతుంది?"

"కాగితం మీద రెండు వందల డెబ్బై."

"ఆ కాగితం రాసినవాడు జూలైలో, చదును రోడ్డు మీద కూర్చుని రాసుంటాడు. మనకి జూలై ఎన్నాళ్ళుంటుందో?"

"పోయినేడు నాలుగు రోజులు."

ఇంకో రోజైతే మారెన్ నవ్వేసేది. ఇవాళ నవ్వితే ఓడిపోయినట్టేనని పళ్ళు బిగించింది.

"బ్యాటరీ పాడైతే?"

"ఇంకా మూడేళ్ళు గ్యారంటీ ఉంది."

"మూడేళ్ళ తర్వాత?"

"మూడేళ్ళ తర్వాత ఎవరం ఎక్కడుంటామో," అన్నాడు ఐలిఫ్. అని, అనకూడని మాట అన్నవాడిలా గబగబా లేచి పళ్ళెం కడగడం మొదలుపెట్టాడు.

ఐలిఫ్ చెడ్డవాడేం కాదు. ఊళ్ళో ఎవరినడిగినా ఆ మాటే చెబుతారు. తాగడు, కేకలెయ్యడు, వాకిట్లో మంచు తెల్లవారకముందే తోసేస్తాడు. కాకపోతే మాట్లాడడు. సాల్మన్ చేపల పెంపకం దగ్గర పన్నెండు గంటలు పనిచేసి వచ్చి, కిటికీ పక్క కుర్చీలో బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటాడు.

ఊళ్ళో వృద్ధాశ్రమం నడిచినన్నాళ్ళూ మారెన్‌కి ఆ లోటు అంతగా తెలియలేదు. అక్కడ నర్సుగా ఉన్నప్పుడు పొద్దుగూకులూ ముసలమ్మల కబుర్లే. ఖర్చు తగ్గించాలని పోయిన అక్టోబరులో దాన్ని మూసేశారు. ఆ తర్వాత సూర్యుడే మొహం చూపించని రెండు నెలలు వచ్చాయి. డిసెంబరులో ఒకరోజు ఆమె పనిగట్టుకుని లెక్కపెట్టింది. లేచింది మొదలు పడుకునే దాకా ఆ ఇంట్లో పుట్టిన మాటలు పదకొండు. అందులో మూడు ఆమె పిల్లితో అన్నవి.

అందుకే, కొండకి ఆవల పట్నంలో పెద్దాసుపత్రి వాళ్ళు నర్సులు కావాలని ప్రకటన వేస్తే దరఖాస్తు పెట్టింది. వాళ్ళు రమ్మన్నారు. వారం అక్కడ, వారం ఇంట్లో. గది వాళ్ళే ఇస్తారు. సొంత బండి ఉందా అని అడిగారు. ఉందని ధైర్యంగా చెప్పింది. వస్తానో రానో ఇవాళ పన్నెండు లోపు తేల్చి చెప్పాలి. రేపట్నుంచి ఈస్టర్ సెలవులు, ఆఫీసు మూతపడుతుంది. ఆ తర్వాత ఆ ఉద్యోగం ఇంకొకరిది.

ఈ సంగతి మొగుడికి చెప్పాలని మూడుసార్లు నోరు తెరిచింది. మూడుసార్లూ "కాఫీ పొయ్యనా?" అని మూసేసింది.

ఇప్పుడు చూస్తే గడువుకి మూడున్నర గంటలుంది, కొండ దాటే బండే లేదు. ఫెర్రీ దిగాక ఆవల ఒడ్డు నుంచి ఆసుపత్రికి నూట అరవై కిలోమీటర్లు. చలిలో ఈ తెల్ల డబ్బా అంత దూరం లాగదని చిన్నపిల్లాడికైనా తెలుసు. కొండ మీద ఉన్న చార్జింగ్ స్తంభాలు రెండే రెండు. ఒకటి చలికాలమంతా పనిచెయ్యలేదు, రెండోది మంచు కింద పూడుకుపోయింది.

తెలియక కొన్నాడా? తెలిసే కట్టిపడేశాడా? నాలుగు రోజులుగా ఆమెని తొలుస్తున్నది ఇదే.

మారెన్ మేకుకి తగిలించిన తాళంచెవి లాక్కుంది.

"రేవు దాకానేనా?" అన్నాడు ఐలిఫ్.

"ఎంత దూరం పోతుందో అంత దూరం!"

"హీటరు..." అని ఏదో చెప్పబోయాడు. ఆమె తలుపు ధడేలున వేసింది.

*

హీటరు కావాలనే పూర్తిగా పెంచింది. తెర మీద నూట అరవై ఎనిమిదని చూపించిన అంకె, రేవుకున్న పద్నాలుగు కిలోమీటర్లు కూడా నిండకుండానే నూట ముప్ఫై తొమ్మిదికి దిగింది. చూశావా, చెప్పలేదూ, అనుకుంది. ఆ గెలుపు పంచుకోవడానికి పక్క సీట్లో ఎవరూ లేరు.

రేవులో కాఫీ కొట్టు నడిపే హాల్డిస్ ఐలిఫ్‌కి అక్క. తమ్ముడి వాటా మాటలు కూడా దేవుడు ఈవిడకే ఇచ్చేశాడని ఊళ్ళో అంటుంటారు. కొట్టు వెనక నాలుగు చార్జింగ్ స్తంభాలున్నాయి. నెత్తిన స్కీయింగు కర్రలు కట్టుకున్న సెలవు జనం కార్లు తొమ్మిది వరసలో నిలబడ్డాయి.

"రా మరదలా, రా! కరెంటు కారులో రాణీగారు వేంచేశారే!" హాల్డిస్ వాఫిల్ పెనం మూత తీస్తూ కేకేసింది. "చూశావా నా వైభోగం? డీజిలు వాడైతే రెండు నిమిషాల్లో పోయించుకుని ఉడాయిస్తాడు. ఈ కరెంటు వాళ్ళు ముప్పావుగంట కూర్చోవాలి పాపం. ఇద్దరు పిల్లలుంటే ఆరు వాఫిళ్ళు. పొద్దుట్నుంచి పిండి మూడుసార్లు కలిపాను!"

కిటికీ దగ్గర కూర్చున్న పట్నపు మనిషి గొణిగాడు. "ఇంట్లో పెట్టుకుంటే చవకే. ఇక్కడ స్తంభానికిచ్చే డబ్బుతో డీజిలే కొట్టించుకోవచ్చు. తేడా ఏముందని?"

"తేడా లేకపోవడమేంటి నాయనా! ఇక్కడ నేనున్నాను కదా," అని హాల్డిస్ అతని ముందు జామ్ గిన్నె పెట్టి, మారెన్ వైపు తిరిగింది. "మొహం అలా వేలాడేసుకున్నావేం?"

"నీ తమ్ముడు నాకు పలుపుతాడు కొనిపెట్టాడు వదినా."

"ఏంటి?"

"ఆవుకి తాడెంత పొడుగుంటే అంత మేరే కదా మేత. నాకు నూట నలభై కిలోమీటర్లు కొలిచి కట్టాడు. రేవుకి రావచ్చు, కొట్టుకి పోవచ్చు, ఇంటికి తిరిగెళ్ళచ్చు. అంతే. అడిగితే లీటరు డీజిలు ఇంత, కరెంటు ఇంత అని పాఠం చెబుతాడు."

చెప్పకూడదనుకుంటూనే మిగతాదీ చెప్పేసింది. ఆసుపత్రి, గది, ఇవాళ్టి గడువు. ఇన్నాళ్ళకి ఒక మనిషి తన మాట పూర్తిగా వింటోంది.

హాల్డిస్ విని ఆశ్చర్యపోలేదు. అది మారెన్‌కి వింతగా తోచింది.

"నీకు ముందే తెలుసా?"

"నాకేంటి, ఊరందరికీ తెలుసు. నీ గురించి వాకబు చెయ్యడానికి ఆసుపత్రి వాళ్ళు ఎవరికి ఫోన్ చేశారనుకున్నావు? మీ పాత పెద్దనర్సు బోర్గిల్‌కి. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానుతుందా? అది ఫిబ్రవరి మాట."

"ఐలిఫ్‌కి?"

హాల్డిస్ పెనం కింద మంట తగ్గించింది. గొంతు కూడా తగ్గించింది. ఆమె గొంతు తగ్గించడం మారెన్ తన పెళ్ళయిన దగ్గర్నుంచి ఎప్పుడూ చూడలేదు.

"సోమవారం వాడు ఎక్కడికెళ్ళాడని చెప్పాడు నీకు?"

"వల చిరిగిందని, రెండు డ్యూటీలు ఒకేసారి చెయ్యాల్సొచ్చిందని."

"వలా లేదు, వంకాయా లేదు. మొదటి ఫెర్రీకి ఆ తెల్ల కారేసుకుని ఆవలికి పోయాడు. చివరి ఫెర్రీకి తిరిగొచ్చాడు. నేను కొట్టు కట్టేస్తుంటే ఇదే తలుపులోంచి వచ్చాడు. పడవ మీద వేసుకునే బొంత సూటు, రెండు టోపీలు, చేతులకి ఉన్ని తొడుగులు. పెదాలు నీలంగా ఉన్నాయి. కాఫీ పోసిస్తే కప్పు పట్టుకోవడానికి వేళ్ళు వంగలేదు, నేనే పట్టి తాగించాను. ఏంట్రా, కారులో వెళ్ళి ఇలా గడ్డకట్టావేం అంటే, హీటరు వేస్తే చేరదక్కా అన్నాడు."

"ఎక్కడికి చేరదు?"

"ఆసుపత్రికే, ఇంకెక్కడికి! కొండ మీద ఆరోజు మైనస్ పదహారు. నువ్వా కారులో చేరగలవో లేదో చూడ్డానికి పోయాడు. పోయి, అక్కడ చార్జింగ్ పెట్టుకుని, మళ్ళీ వచ్చాడు. నీతో చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు. ఒట్టు తీసి గట్టున పెట్టా, ఏం చేసుకుంటాడో చేసుకోమను."

నాలుగు రోజులుగా కడుపులో మోసిన కోపం ఎక్కడ దించుకోవాలో తెలియలేదు. ఐలిఫ్ తెలిసీ అడగలేదు. నెలన్నర పాటు ఎదురెదురుగా కూర్చుని రొట్టె తిన్నారు, తెలిసీ ఒక్క ముక్క అడగలేదు!

అప్పుడే ఫెర్రీ వచ్చి ఆగింది. దిగిన వ్యానులోంచి ఒక కుర్రడ్రైవరు కొట్టు తలుపు తీసి తల లోపల పెట్టాడు.

"ఐలిఫ్ గారిల్లు ఎటండీ? మోటారుసైకిలు దించాలి."

"ఏం మోటారుసైకిలు?" అన్నారు వదినా మరదళ్ళిద్దరూ ఒక్కసారే.

"కరెంటుదండీ. డబ్బు కట్టేశారు."

ఊళ్ళో హాల్డిస్‌కి తెలియని సంగతి అదొక్కటే. ఆమె వాఫిల్ మాడిపోయింది.

*

మారెన్ ఇల్లు చేరేసరికి వ్యాను వచ్చి వెళ్ళిపోయింది. కొట్టం ముందు ఐలిఫ్ మోకాళ్ళ మీద కూర్చుని కొత్త మోటారుసైకిలు టైరు చూస్తున్నాడు. సన్నటి నల్ల బండి. టైర్ల నిండా మంచు పట్టు కోసం మేకులున్నాయి.

ఆమె కారు దిగింది. కోపంగా మొదలుపెడదామనుకుంది, అతని చేతులు చూసింది.

"వేళ్ళు ఎలా ఉన్నాయి?"

ఐలిఫ్ తల ఎత్తాడు. "హాల్డిస్ చెప్పేసిందా?"

"చెప్పింది."

"ఎడమ చిటికెనవేలు ఇంకా తిమ్మిరిగా ఉంది," అన్నాడు. తర్వాత ఆమె ఏమీ అడగకుండానే, సంవత్సరం మొత్తంలో మాట్లాడనంత మాట్లాడాడు. "చేరుతుంది మారెన్. తొమ్మిది శాతం మిగిలింది. ఎక్కేటప్పుడు అరవై దాటించకు. హీటరు ముట్టుకోకు, సీటు వేడి మాత్రం పెట్టుకో, అది పెద్దగా తినదు. ఉన్ని మేజోళ్ళు రెండు జతలు వేసుకో. ఆసుపత్రి వెనక పనివాళ్ళ పార్కింగులో ప్లగ్గులున్నాయి, అడిగాను. కొండ దిగేటప్పుడు బ్యాటరీ దానంతటదే కొంత తిరిగి నిండుతుంది. మే వస్తే హీటరు వేసుకునే పోవచ్చు."

"ఇంకొంచెం దూరం పోయేది కొనచ్చు కదా?"

"దానికి రెండింతలు. దీనికి మిగిలేది కాదు." మోటారుసైకిలు మీద చెయ్యి వేశాడు.

"ఇదెందుకసలు?"

అంత తేలిక ప్రశ్న ఎందుకడుగుతోందో అర్థం కానట్టు చూశాడు. "కారు నువ్వు తీసుకెళ్తే నేను పనికెలా పోను? పోను రాను పన్నెండు కిలోమీటర్లు. ఇది చలిలో అరవై పోతుంది. వారానికి ఒక్కసారి చార్జింగ్ పెడితే చాలు. మరీ గాలి పెట్టిన రోజు నడిచిపోతాను."

ఎంత బాగా ఆలోచించాడు! కారు ఆమెకి, ఇది తనకి. ఆమె వెళ్ళడానికి దారి కొలిచాడు, తను ఉండిపోవడానికి దారి కొలిచాడు. ఎందుకు వెళ్తున్నావని మాత్రం అడగలేదు. మారెన్ ఆ నల్ల బండి చుట్టూ తిరిగి చూసింది. సీటు చూసి ఆగిపోయింది.

"వెనక సీటు లేదేం?"

"రెండు సీట్లది ఉంది. ఎనిమిది వేలు ఎక్కువ."

"అయితే?"

"అవసరం ఉండదనుకున్నాను."

మాట చాలా మామూలుగా అన్నాడు, లీటరు డీజిలు ఇరవై ఒకటి అన్నంత మామూలుగా. అప్పుడు తట్టింది ఆమెకి. బోర్గిల్ ఊరంతా చెప్పింది మారెన్ వెళ్ళిపోతోందని. వారం విడిచి వారమని చెప్పి ఉండదు. ఇతను అడిగి ఉండడు. తను మళ్ళీ రానే రాదనుకుని నెలన్నరగా ఈ మనిషి ఒక్కడి సంసారం సర్దుకుంటున్నాడు.

"ఐలిఫ్, నువ్వు నన్ను వెళ్ళొద్దని ఎందుకనలేదు?"

"అంటే ఉండిపోతావు."

"దాంట్లో తప్పేముంది?"

"నామీద జాలితో ఉండిపోతావు. ఈ చలికాలం నేను చూడలేదనుకున్నావా? పిల్లితో మాట్లాడుతుంటే విన్నాను." మళ్ళీ టైరు వైపు వంగాడు. "ఆ మాటలు నాతో మాట్లాడచ్చు కదా అనుకున్నాను. నేనైతే జవాబేం చెప్పేవాణ్ణో, అదీ తెలీదు."

వారం విడిచి వారం వస్తానయ్యా, పిచ్చివాడా! ఆ మాట మారెన్ నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చి అక్కడే ఆగింది. నిజంగా వస్తుందా? మొదట్లో వస్తుంది. ఒక వారం కొండ మీద గాలివాన అంటుంది, ఇంకో వారం డ్యూటీ మార్చుకున్నానంటుంది. మొగుడి ముందు అబద్ధమాడటం సంగతి అటుంచి, అది అబద్ధమో కాదో తనకే తెలియదు. ఆ నిజం మింగలేకా కక్కలేకా నిలబడింది.

"లోపలికి రా. చలిగా ఉంది," అని మాత్రం అంది.

లోపల ఇద్దరూ వంటింటి బల్లకి చెరోవైపు కూర్చున్నారు. పిల్లి వచ్చి మధ్యలో పడుకుంది. ఎవరో ఒకరు మొదలుపెడితే రెండోవాళ్ళు అందుకునేవాళ్ళేమో. గోడ మీద గడియారం పదకొండు యాభై రెండు చూపించింది.

ఫోను మోగింది.

తెర మీద ఆసుపత్రి పేరు ఇద్దరికీ కనిపించింది. ఐలిఫ్ లేచాడు. మేకుకి ఉన్న తోలు తొడుగులు తీసుకున్నాడు.

"నువ్వు మాట్లాడుకో," అన్నాడు. "నేనుంటే నీకు ఇబ్బంది."

"ఐలిఫ్..."

తలుపు చప్పుడు కాకుండా మూసి వెళ్ళాడు. ఆమె ధడేలున వేసే తలుపే అది.

"మారెన్? నేను విగ్దిస్‌ని." ఫోన్లో ఆసుపత్రి పెద్దనర్సు గొంతు హడావుడిగా ఉంది. వెనక నలుగురు నవ్వుతున్నారు, ఎవరో కుర్చీలు జరుపుతున్నారు. "ఇంకో అయిదు నిమిషాల్లో తాళం వేసేస్తున్నామమ్మా. నీ పేరు దగ్గర ఖాళీగా ఉంచాను. ఏమంటావు, వస్తున్నావా?"

మారెన్ చెవి బయటికి పెట్టి వింది.

పాత డీజిలు బండైతే తెలిసిపోయేది. అది దగ్గి దగ్గి రాజుకుని, వాకిలి దాటి, మలుపు తిరిగి, చర్చి దాకా వెళ్ళేవరకూ ఇంట్లోకి వినిపించేది. ఈ కరెంటు బండికి చప్పుడే లేదు. వంటింటి కిటికీ నీటి వైపు ఉంది, వాకిలి కనిపించదు. అతను ఎక్కి వెళ్ళిపోయాడో, మెట్ల దగ్గరే నిలబడి ఉన్నాడో, ఎంత విన్నా చెప్పడానికి వీల్లేదు.

"మారెన్? ఉన్నావా?"

"ఉన్నాను," అంది.

ఫోను చెవి దగ్గరే పెట్టుకుని తలుపు దాకా నడిచింది. తీస్తే తెలిసిపోతుంది. అతను అక్కడ ఉంటే విగ్దిస్‌కి ఒక మాట చెప్పాలి. లేకపోతే ఇంకో మాట చెప్పాలి. తలుపు పిడి మీద చెయ్యి వేసింది.

"ఏం చెప్పమంటావమ్మా?" అంది విగ్దిస్. "రాయనా, కొట్టెయ్యనా?"